కామమ్మ చెప్పిన అసలు ధర

టెండరు మూసేది మధ్యాహ్నం మూడింటికి. వినీల రెండుంబావుకే ధర పంపించేసి, హమ్మయ్య అనుకుంటూ కుర్చీలో వెనక్కి వాలింది.

ముత్తుకూరు సెంటర్లో ఆ ఒంటిగది ఆఫీసు పెట్టి ఆరు నెలలైంది. చిన్న చిన్న పనివాళ్ళ చేత సర్కారు టెండర్లు వేయించడం ఆమె పని. ఇంతవరకూ ఒక్కటీ తగల్లేదు. కానీ ఈసారి చూడాలి! హాస్టలు బడులకు వాలీబాల్ నెట్లు కావాలట, రెండు వేలు. వల అల్లడంలో కృష్ణపట్నం పక్క పాలెం ఆడవాళ్ళను మించినవాళ్ళెవరు? బోట్లవాళ్ళంతా మిషను వలలకు మరిగాక, ఆ పాలెంలో కామమ్మ నడిపే వలల షెడ్డులో పని లేదు. ఈ ఆర్డరు రాలేదో, ఆమె దగ్గర అల్లే పదకొండు మందీ రొయ్యల కంపెనీలో తలకాయలు తీయడానికి పోవాల్సిందే. షెడ్డుకు తాళమే.

ఎదురుగా కామమ్మ తాపీగా టీ ఊదుకుంటోంది. నలభై ఏళ్ళు గంపతో చేపలమ్మిన మనిషి, మొహంలో దిగులన్నదే లేదు.

"ధర బాగానే వేసినాం గదా అక్కా?" అంది వినీల.

"బ్రహ్మాండంగా! వాళ్ళు ఎంత గీసి గీసి అడిగినా పావొంతు తగ్గించొచ్చు. బేరానికని పెట్టుకోనుండా గదా."

వినీల కుర్చీలో నిటారుగా లేచి కూర్చుంది. "బేరమా? ఏం బేరం?"

"ఏం బేరమేంది? మనం వంద అంటే వాడు యాభై అంటాడు, డెబ్బై అయిదుకు తెగతాది. అమ్మేది నాకు నేర్పిస్తావా పాపా?"

"అయ్యో అక్కా! ఈడ అడిగేవాళ్ళే ఉండరు! ధరలు తెరుస్తారు, అందర్లో తక్కువ ఎవురిదో వాళ్ళకిచ్చేస్తారు!"

కామమ్మ గ్లాసు ఠక్కున కింద పెట్టింది. "బేరమాడకుండా కొంటారా? అదేం కొనడమమ్మా, సిగ్గు లేకుండా!"

తప్పు వినీలదే. ధరెంత అని అడిగింది గాని, ఆ ధరలో ఏముందో అడగలేదు. చేపలమ్మే మనిషి నోట మొదట వచ్చే ధర అసలు ధర ఎలా అవుతుంది? ఆ మాత్రం తెలీని మొహానికి టెండర్లొకటి! తిట్టుకోవడానికి కూడా వ్యవధి లేదు. మూడు లోపల పాతది వెనక్కి తీసుకుని కొత్తది వేయొచ్చు. గడియారం రెండూ నలభై చూపిస్తోంది.

"అసలు ధర చెప్పక్కా. ఒక్క రూపాయి తగ్గినా గిట్టదు అనే ధర."

"అది నోటితో చెప్పేది కాదమ్మా. మా ఆయనకే ఏనాడూ చెప్పలా."

"ఆయనకు చెప్పబాక, నాకు చెప్పు! పదకొండు మంది కూడు అక్కా!"

ఆ మాటకు కామమ్మ లేచింది. పోయి తలుపు మూసింది. కిటికీ రెక్కలూ మూసింది. అప్పుడొచ్చి వినీల చెవి దగ్గర వంగి గుసగుసగా చెప్పింది. వినీల వేళ్ళు కీబోర్డు మీద పరుగెత్తాయి. మూడుకు నాలుగు నిమిషాలుందనగా కొత్త ధర అందినట్టు తెరమీద పచ్చ అక్షరాలు పడ్డాయి.

మర్నాడు పదకొండింటికి ధరలు తెరిచారు. ఐదుగురు వేశారు. రెండోవాడి కంటే నెట్టుకు రెండు రూపాయలు తక్కువ, మొదటి పేరు కామమ్మదే! వినీల ఎగిరి గంతేసింది. వరండాలో కూర్చున్న పదకొండు మందీ పెట్టిన కేకకు టీ అంగడాయన కూడా పరుగెత్తుకొచ్చాడు.

అంతలో ఫోను. టెండరు ఆఫీసరు. అందరూ వినేట్టు వినీల స్పీకరు పెట్టింది.

"మీదే తక్కువమ్మా. అయినా అడగడం మా పద్ధతి. ఇంకొంచెం తగ్గిస్తారా?"

ఇంతదాకా ఏ టెండరూ రాలేదు కాబట్టి, ఇలా అడుగుతారని ఆమెకే తెలీదు. అప్పుడు కామమ్మ ఆమెను చూసిన చూపు ఉంది చూశారూ, శత్రువుకు కూడా వద్దు.

"ఇట్టియ్యి," అని ఫోను లాక్కుంది. వినీల కళ్ళు గట్టిగా మూసుకుంది. అడిగితే తగ్గించడం కామమ్మకు నలభై ఏళ్ళ అలవాటు. తగ్గించిందా, అల్లే ప్రతి నెట్టుకూ నష్టమే.

"సారూ, కామమ్మను మాట్లాడతాండా. నలభై ఏళ్ళు చేపలమ్మినా. ముందే నిజం ధర చెప్పిన పాపాన పోలా. నిన్న మొదటిసారి చెప్పినా, అదీ మీకే. ఇంక తగ్గించేదానికి నా కాడ ఏమీ లేదు సారూ. అల్లమంటే అల్లతాం. వద్దంటే షెడ్డు మూసుకుంటాం."

వరండాలోని ఆడవాళ్ళంతా గుమ్మం దగ్గరికి చేరారు.

"ఇరవై ఏళ్ళుగా ఇలాంటి ఫోన్లు చేస్తున్నా," అన్నాడు ఆఫీసరు. "ఇట్లా చెప్పినవాళ్ళు లేరు. ఆ ధరే రాసుకుంటా. ఆర్డరు సాయంత్రానికి పంపిస్తాం తల్లీ."

కామమ్మ ఫోను వినీల చేతిలో పెట్టి, కళ్ళు తుడుచుకుంటూ వరండాలోకి నడిచింది.

"ఏందే అట్టా చూస్తా కూర్చున్నారు? లెయ్యండి! రెండు వేలు అల్లాల!"