తస్లీమ్ బేగం ఒడిలో చాట

నేను ఒక చాటను. మెట్‌పల్లి పక్క ఊళ్లో ఒక మేదరి ముసలమ్మ నన్ను వెదురు బద్దలతో అల్లింది. బియ్యం చెరగడానికి పుట్టాననుకున్నాను. తస్లీమ్ బేగం ఒడిలో చేరాక తెలిసింది, నా బతుకంతా తునికాకు, తంబాకు, దారమేనని.

ఆమెకప్పుడు పందొమ్మిదేళ్లు. బీడీ కార్ఖానాలో ఆకు తూచే సత్తార్ నికా చేసుకుంటానని మాటిచ్చి, నిజామాబాద్ పిల్లను చేసుకున్నాడు. అప్పటికే ఆమెకు నాలుగో నెల. నన్ను పొట్టకు అదుముకుని, నా మాటున బీడీలు చుట్టింది. కట్టకెన్ని బీడీలో తడబడే ఆడవాళ్లు కూడా ఆమె నెలలు మాత్రం తప్పు లేకుండా లెక్కపెట్టారు. బిడ్డ ఎవరిదని ఎంతడిగినా ఆమె నోరు విప్పలేదు. అన్నదమ్ములు గడప తొక్కడం మానేశారు. పుట్టిన ఆడపిల్లకు రుఖయ్య అని తనే పేరు పెట్టుకుంది.

ఇరవై ఏళ్లు గడిచాయి. రుఖయ్య నికాకు ముందురోజు, పిల్ల గాజులు వేయించుకోవడానికి వెళ్లినప్పుడు, సత్తార్ ఖాజీని వెంటబెట్టుకుని వచ్చాడు. తల నెరిసింది.

"నా బిడ్డేనని అందరి ముంగట ఒప్పుకుంట. నికా కాయితంల తండ్రి పేరు కాడ నా పేరు రాయుండ్రి, ఖాజీ సాబ్."

ఖాజీ తల అడ్డంగా ఊపాడు. "నికా లేకుంట పుట్టిన బిడ్డకు నువ్వు ఒప్పుకున్నా తండ్రి వరస రాదు సత్తార్ భాయ్. షరియత్‌ల ఆమె తల్లి బిడ్డనే. తల్లి ఆస్తిల ఆమెకు వాటా వస్తది, నీ దాంట్ల రాదు. మనసుంటే బతికుండంగనే ఏమన్న ఇయ్యి. తప్పు పిల్లది గాదు, నికాల పిల్ల తరఫు పెద్దగ, వలీగ నేనే కూసుంట."

తస్లీమ్ తలెత్తలేదు. దారం పటుక్కున తెంపింది. "రేపు వచ్చి అన్నం తినిపో" అంది అతనితో. అంతే.

అతను వచ్చాడు. చివరి వరసలో కూర్చుని తిన్నాడు. అప్పగింతలప్పుడు రుఖయ్య పెద్దలందరికీ సలాం చేస్తూ అతని ముందు ఆగింది. "ఈయనెవరమ్మీ?"

"కార్ఖానల ఆకు తూస్తడు బిడ్డా" అంది తస్లీమ్.

అతను ఆమెను దీవించి, కండువాతో కళ్లు తుడుచుకున్నాడు.

ఆ తరువాత ఆ ఇంట్లో మేమిద్దరమే. చుట్టుకోవడం, కట్టకట్టడం, పొద్దుగూకడం. ఎనిమిదేళ్లకు తస్లీమ్ కన్ను మూసింది. ఇల్లూ సామానూ సగం రుఖయ్యవి, సగం తస్లీమ్ అన్నదమ్ములవి అన్నాడు ఖాజీ. వాటా అడగడానికి కూడా వాళ్లు రాలేదు.

రుఖయ్య సామాను సర్దుకుంది. అంచు ఊడిన నన్ను అటుతిప్పి ఇటుతిప్పి గోడకు ఆనించింది. వాకిట్లో పక్కింటామె నిలబడి ఉంది.

"కార్ఖానల ఆకు తూసేటాయన ఉన్నడా ఖాలా? నా పెండ్లినాడు ఎందుకో మస్తు ఏడ్సిండు."

"సత్తారా? పోయిండు బిడ్డా. రెండేండ్లాయె."

"అయ్యో, పాపం" అంది రుఖయ్య. తలుపు దగ్గరికి వేసి, తాళం పెట్టి వెళ్లిపోయింది.