క్లైవ్ గుసగుస

మా ఊళ్ళో వాగు ఎండి ఏళ్ళయింది. ఇప్పుడు పారేది నా వాగుడొక్కటే. మా ఆవిడ పేరు నోరీన్, నోరు మాత్రం నాది. గొర్రెల సంతలో వేలం పాడేది నేనే. నా గొంతు వింటే మైకుకే మైకం కమ్ముతుంది.

శనివారం పక్కింటి గ్లెనిస్ చెల్లెలి పెళ్ళి. గ్లెనిస్ కొడుకు డెస్మండ్‌కు ఆటిజం. ఇరవై దాటిన కుర్రాడే కానీ, పెద్ద చప్పుడైతే చెవులు మూసుకుని కూలబడిపోతాడు. అతన్ని చూసుకునే మనిషికేమో జ్వరం.

"ఇక పెళ్ళి మానేస్తాలే," అంది గ్లెనిస్ కంచె అవతలనుంచి.

"మానడమేంటి? మేం లేమా?"

"నువ్వా? నువ్వు తుమ్మితే మా కోళ్ళు గుడ్లు పెట్టడం మానేస్తాయి, క్లైవ్!"

"రోజంతా గుసగుసలే. ఒట్టు."

"ఆ ఒట్టు నిలబడితే మాకు పెళ్ళికంటే పెద్ద పండగ," అంది నోరీన్.

ఆ వారమంతా సాయంత్రాలు వాళ్ళింట్లో కూర్చుని, గ్లెనిస్ ఎదుటే గొంతు తగ్గించడం నేర్చుకున్నాను. గుసగుసదాకా మాత్రం ఆమె ముందు ఒక్కసారీ దిగలేదు. డెస్మండ్ నాకు అలవాటుపడ్డాడు. ఆమె ధైర్యంగానే వెళ్ళింది.

పెరట్లో గుండ్రంగా తిరిగే దండెం మీద డెస్మండ్ బట్టలు ఆరేస్తున్నాడు. క్లిప్పులు అందించేది నేను. తను అనుకున్న రంగు కాకపోతే తిరిగి నా అరచేతిలో పెట్టేస్తాడు. బేరం లేదు.

ఇంతలో గ్లెనిస్ ఫోన్.

"అంతా బాగుంది," అన్నాను గుసగుసగా.

"ఎందుకలా మాట్లాడుతున్నావ్? వాడికేమైంది?"

"ఏం కాలేదు. మాటిచ్చాగా."

"అబద్ధం! చర్చిలో కూడా అరిచే మనిషివి నువ్వు! నేను వచ్చేస్తున్నా."

ఫోన్‌లో కారు తలుపు తెరిచిన చప్పుడు వినబడింది. పెళ్ళి ఇంకా మొదలే కాలేదు. నేనొక్క అరుపు అరిస్తే ఆమె నమ్ముతుంది, ఇక్కడ డెస్మండ్ కూలిపోతాడు. నాలుక చివరిదాకా వచ్చిన కేకను మింగేసి, అరచేతిలో క్లిప్పుల పక్కనే ఫోన్ పెట్టి అతని ముందు చాపాను.

డెస్మండ్ పసుపు క్లిప్పు తీసుకున్నాడు. దాన్ని తువ్వాలుకు పెట్టాకే ఫోన్ మీదికి వంగాడు.

"అమ్మా. కేకు తే. నిమ్మకాయది."

అవతల గ్లెనిస్ పగలబడి నవ్వింది. కారు తలుపు మూసుకుంది.

సాయంత్రం చెప్పులు ఒక చేత, కేకు ఒక చేత పట్టుకుని వచ్చింది.

"వచ్చే నెల చెల్లి తనింట్లో రెండ్రోజులు ఉండి వెళ్ళమంది," అంది నాకేసి చూస్తూ. "వెళ్తున్నా."

డెస్మండ్ కేకు దగ్గర చేరాడు. కంచె దగ్గర నిలబడ్డ నోరీన్ నా నోటికేసే చూస్తోంది.

నేను తలూపాను.