బీపీ మాత్ర

మా ఆయన సిలాసుకు మొండితనం పుట్టుకతో వచ్చింది, బీపీ నలభై దాటాక వచ్చింది. లాక్‌డౌన్‌లో నాకు కరోనా వార్డులో నర్సు డ్యూటీ పడింది. వసంత్ కుంజ్‌లో మాది రెండు గదుల ఇల్లు. డ్యూటీ నుంచి రాగానే నేనొక గదిలో తలుపేసుకునేదాన్ని. నా పక్కన కూర్చుని అన్నం తినాలని ఆయన ఒకటే గొడవ.

మా అబ్బాయి లెవి, ముఖర్జీ నగర్ కోచింగ్ మూతపడి, ఇంట్లోనే సివిల్స్‌కు చదువుతున్నాడు. పైకి చెప్తే గాని వాడికి పాఠం తలకెక్కదు. వినడానికి వాళ్ళ నాన్న దొరికాడు.

"డాడీ, మన కణాల పైన ఏసీఈ టూ అని ఒక ప్రోటీన్ ఉంటుంది. బీపీ అదుపులో ఉంచడం దాని పని. వైరస్ ముల్లు సరిగ్గా దానికే అతుక్కుంటుంది. అతుక్కోగానే కణమే వైరస్‌ను లోపలికి లాక్కుంటుంది."

"అయితే ఇంటిదొంగన్నమాట!"

"అచ్ఛా, ఇంకోటి విను. కొన్ని బీపీ మాత్రల వల్ల ఆ ప్రోటీన్ పెరుగుతుందేమోనని అనుమానం. రుజువు కాలేదు. మాత్రలు మాత్రం మానొద్దని డాక్టర్లు..."

ఆయన అప్పటికే లేచి వెళ్ళిపోయాడట. ఆ రోజు నుంచి రోజూ మాత్ర బేసిన్‌లో పారేస్తూ వచ్చాడట. ఇవేవీ అప్పుడు నాకు తెలియవు. "ఇంకొన్నాళ్ళు ఆగు కుమారీ, నాకేం అంటదులే" అని తలుపు అవతల నుంచి అంటుంటే, ప్రార్థన మీద నమ్మకం అనుకున్నాను.

ఆదివారం ఫోన్‌లో ఆరాధన జరుగుతుండగా ఆయన పాట ముద్దముద్దగా వినిపించింది. పరుగెత్తి చూస్తే మూతి ఎడమకు లాగేసింది, కుడి చెయ్యి వేలాడిపోయింది. పక్షవాతం.

కరోనా పరీక్ష తేలేదాకా పై అంతస్తులోని వార్డుకు తీసుకెళ్ళడం కుదరదని ఆసుపత్రిలో కిందే ఆపేశారు. ఆ రూలు నేనే ఎందరికో చెప్పాను. మెదడుకు రక్తం అందని ప్రతి నిమిషం ఎంత ఖరీదో తెలిసిన దాన్ని. అయినా స్ట్రెచర్ కమ్మీ పట్టుకుని ఏడవడం తప్ప ఏమీ చేయలేకపోయాను. లెవి అప్పుడు చెప్పాడు, మాత్రల సంగతి, పాఠం సంగతి. వాణ్ణి కొట్టాలనిపించింది. కొట్టి ఏం లాభం?

సాయంత్రానికి రిపోర్టు వచ్చింది. అప్పటికి రక్తం గడ్డ కరిగించే మందు ఇచ్చే వేళ దాటిపోయిందని డాక్టరు చెప్పి వెళ్ళాడు.

"నా... కు... అంటిందా?" అన్నాడు ఆయన.

"లేదండీ. నెగెటివ్."

ఆయన మొహంలో ఎడమ సగం నవ్వింది. ఎడమ చేత్తో పరుపు మీద తట్టి, "మరి... కూచో" అన్నాడు.