కరెంటు బండి ఎక్కిన తమ్ముడు

అక్క నడిపే పింగాణీ సామాన్ల గోదాములో బండి విషయంలో తమ్ముడి మాటకు తిరుగులేదు. పెట్టెలెత్తి అరల్లో సర్దే డీజిల్ ఫోర్క్‌లిఫ్ట్‌ని అతను తప్ప ఇంకెవరూ ముట్టుకునేవారు కాదు. అది ఎందుకు మొరాయించినా చెవితోనే పట్టేసి, చిటికెలో దారికి తెచ్చేవాడు.

ఆ బండికి కాలం చెల్లింది. పొగకు ప్యాకింగ్ ఆడవాళ్ల కళ్లు మండిపోతున్నాయి, ఈసారి కరెంటుది కొందామంది అక్క. తమ్ముడు వంద వంకలు పెట్టాడు. వానకు తడిసిన వాకిట్లో ఎత్తు ఎక్కనే ఎక్కదన్నాడు, ఛార్జింగ్ అయిపోతే నడిదారిలో చతికిలబడుతుందన్నాడు. అతనిది ఉడుంపట్టు. చివరికి అక్క విసిగిపోయి, కంపెనీ నుంచి ఒక కరెంటు బండి తెప్పించింది. ఒకరోజు నడిపి చూసి ఏది కొనాలో నువ్వే తేల్చమంది.

అతనికో అలవాటుంది. బండి ఎక్కితే చాలు, కడుపులో ఉన్నదంతా పైకే అనేస్తాడు. డీజిల్ మోతలో పక్కనున్నవాళ్లకు కూడా వినబడేది కాదు కాబట్టి ఇన్నేళ్లూ గుట్టు దాగింది.

కరెంటు బండి పిల్లిలా కదిలింది. తడి వాకిట్లో ఎత్తూ అవలీలగా ఎక్కేసింది. సామానుతో లోపలికి వస్తూ అతను మామూలుగానే నోరు విప్పాడు.

"ఏ మాటకామాటే చెప్పుకోవాలి. నడుం నొప్పి లేదు, పొగ లేదు, బండి బంగారం. కానీ దీనికి రిపేరొస్తే కంపెనీవాడు కంప్యూటరు పట్టుకొస్తాడట. ఇక అక్కకి నాతో పనేముంది? కూరలో కరివేపాకులా తీసి పక్కన పెడుతుంది."

మోత లేని బండి కావడంతో ఆ మాటలు గోదామంతా వినబడ్డాయి. ప్యాకింగ్ చేతులన్నీ ఆగిపోయాయి. అరల మధ్య అక్క నిలబడి ఉంది. అతనికి సిగ్గుతో తల కొట్టేసినట్టయింది.

"నీ పెదాలు కదులుతుంటే నన్ను తిట్టుకుంటున్నావనుకునేదాన్నిరా ఇన్నాళ్లూ" అంది అక్క.

"అదీ ఉంది" అన్నాడు తమ్ముడు.

ఆడవాళ్లు పగలబడి నవ్వారు. అక్కకూ నవ్వాగలేదు. అయినా కళ్లలో నీళ్లు తిరిగాయి. తమ్ముడి మనసులో ఇంత దిగులుందని ఆమెకు తెలియనే తెలియదు.

"బండి బాగుచేస్తావని నిన్ను పెట్టుకున్నానా? ఇంత పింగాణీ నీ చేతుల్లో ఉంది కాబట్టే నేను రోజూ గుండెమీద చెయ్యేసుకుని నిద్రపోతున్నాను."

తమ్ముడు సామాను జాగ్రత్తగా అరలో పెట్టి బండి దిగాడు.

"అయితే కరెంటుదే తీసుకుందాం. తిట్టేదేదో ఇకమీదట ఇంటికొచ్చి తిడతాను."