ఆకలి దగ్గర ఆగే బండి

సోమ, బుధ, శుక్రవారాల్లో గెథిన్ ప్రాబర్ట్‌కి తెల్లారడమంటే నూనె వడకట్టడమే. అసుంతా ఆంటీ చిప్స్ కొట్టు వెనక రేకుల షెడ్డులో వాడేసిన నూనె డబ్బాలు అతని కోసం కాచుకుని ఉంటాయి. ఆ నూనెని నెస్టా టీచర్ పాత నైలాన్ మేజోళ్ళలోంచి వడపోసి, కాచి, మెథనాలూ కాస్టిక్ సోడా కలిపి, అడుగున పేరుకున్న జిగురు తీసేస్తే, పైన తేరిన దాన్ని డీజిల్ బదులు బండిలో పోసుకోవచ్చు. తన మేజోళ్ళకి ఇంత భవిష్యత్తు ఉందని ఉద్యోగంలో ఉన్నప్పుడే తెలిస్తే కాస్త ఖరీదైనవి కొనేదాన్నని టీచర్ అంటూ ఉంటుంది.

రేకు ఫ్యాక్టరీ మూతపడ్డాక గెథిన్‌కి మిగిలింది ఆ బండి ఒక్కటే. ఒకప్పుడు తపాలా వాళ్ళది, ఎర్రరంగు వెలిసి గులాబీలోకి దిగింది. తమ ఊరు నాంట్‌వెన్ నుంచి కొండ అవతలి ఆసుపత్రికి వెళ్ళే బస్సు ఆగిపోయాక, డయాలసిస్ కోసం వారానికి మూడుసార్లు నెస్టా టీచర్‌ని అతనే తీసుకెళ్ళి తీసుకొస్తున్నాడు. డబ్బు పుచ్చుకోడు. నూనె అసుంతా ఊరికే ఇస్తోంది, ఒళ్ళు తనది, ఇక పుచ్చుకోవడం దేనికని అతని లెక్క. "నాలుగో తరగతిలో నేను చెప్పిన లెక్కలు ఇలా అఘోరించాయన్నమాట" అని టీచర్ సణుగుతూనే కళ్ళు ఒత్తుకుంటుంది.

బండికి ఒక అలవాటుంది. ఎవరైనా తినకుండా ఉంటే ఆ ఇంటి ముందు ఆగిపోతుంది. వాళ్ళ కడుపులో ఏదో ఒకటి పడేదాకా కదలదు. అసుంతా తన బాణలి ఎన్నడూ పూర్తిగా ఖాళీ చెయ్యదు. అడుగున కాస్త ఉంచి దాని మీదే కొత్త నూనె పోస్తుంది. గని సమ్మె జరిగిన ఏడాది జీతాల్లేని ఇళ్ళన్నిటికీ అన్నం పెట్టింది ఆ బాణలే. అందుకని ఆ నూనె పద్ధతి అంతేనని ఊళ్ళో అందరూ అనుకున్నారు, అనుకుని ఎవరి పని వాళ్ళు చూసుకున్నారు. మెకానిక్ కూడా బండి మూత ఎత్తేముందు చుట్టుపక్కల ఎవరు తినలేదో కనుక్కునేవాడు.

గెథిన్ సీటు పక్కన ఒక రేకు డబ్బాలో జున్ను పెట్టిన రొట్టెలు ఎప్పుడూ ఉండేవి. పరీక్షలకి చదువుతూ తిండి మరిచిన పిల్లలూ, మొగుళ్ళతో పోట్లాడి అలిగిన ఆడవాళ్ళూ బండి చప్పుడు ఆగగానే గుమ్మంలోకి వచ్చి చెయ్యి చాపేవాళ్ళు. పెళ్ళి గౌను పట్టాలని కడుపు మాడ్చుకుంటున్న ఒకమ్మాయి ఇంటి ముందు బండి రెండు వారాల పాటు అటు వెళ్ళినప్పుడల్లా ఆగింది. చివరికి ఆ పిల్ల తల్లే గౌను రెండు వేళ్ళు వదులు చేయించి గెథిన్‌కి దణ్ణం పెట్టింది.

ఆ ఏడాది చలి తగ్గుముఖం పట్టే రోజుల్లో బండి కొత్తచోట ఆగడం మొదలెట్టింది. కొండ ఎక్కేముందు విడిగా ఒక ఇల్లుంటుంది, నీలం గేటుది. ఈమధ్యే ఎవరో దిగారు. బండి ఆగితే కర్టెన్ కదిలేది గానీ తలుపు తెరుచుకునేది కాదు. గెథిన్ ఒక రొట్టె పొట్లం కట్టి గేటు స్తంభం మీద పెట్టేవాడు. బండి చాలాసేపు ఆలోచించి, లోపల ఏ గుక్కెడు టీయో దిగాక కాబోలు, ఇష్టం లేనట్టుగా మూలుగుతూ కదిలేది.

"సిగ్గరి మనిషై ఉంటాడు" అన్నాడు గెథిన్.

"సిగ్గుంటే రొట్టె తీసుకున్నాక పడాలి. ముందే పడితే ఎలా?" అంది టీచర్.

ఒక బుధవారం పొద్దున, టీచర్‌ని బండెక్కించి తలుపు వేస్తుండగా షెడ్డు దగ్గరికి పొడుగాటి మనిషి ఒకడు వచ్చాడు. ఒంటి మీది కోటు ఇంకెవరిదో అన్నట్టు వేలాడుతోంది. పేరు హెడ్లీ ట్రాంటర్ అనీ, సుంకాల శాఖ అధికారిననీ చెప్పి కార్డు చూపించాడు.

"మూడు వారాలుగా పొద్దున్నే నా గేటు ముందు చిప్స్ వాసనొస్తోంది మిస్టర్ ప్రాబర్ట్. అది కూడా కనిపెట్టలేకపోతే నాకిచ్చే జీతం దండగ. ఈ నూనె మీద సుంకం కట్టారా?"

గెథిన్ తెల్లబోయాడు. "ఇది వంటనూనె కదండీ! దీని డబ్బు చిప్స్ తిన్నవాళ్ళు ఎప్పుడో చెల్లించేశారు. మిగిలిపోయిన నూనెకి మళ్ళీ పన్నేమిటి?"

"బాణలిలో ఉన్నంతసేపూ అది తిండి. ట్యాంకులో పోసి రోడ్డెక్కితే ఇంధనం. చేసేవాళ్ళు మా దగ్గర నమోదు చేసుకోవాలి. నెలనెలా ఎన్ని లీటర్లో చెప్పి, లీటరుకి ఇంతని కట్టాలి. మీరు నాలుగేళ్ళుగా ఇవేవీ చెయ్యలేదు. బండిని స్వాధీనం చేసుకుంటున్నాను."

"ఊళ్ళోవాళ్ళని ఆసుపత్రికి ఊరికే తీసుకెళ్తున్నానండీ. దానికి కూడానా?"

"ఆ ఆసుపత్రి దేంతో నడుస్తోందనుకున్నారు?"

గెథిన్ బండిలో కూర్చున్న టీచర్ వైపు చూశాడు. తన జేబులోంచి ఎవరో పన్ను లాక్కుంటున్నారని జన్మంతా సణిగాడు గానీ, ఆ డబ్బే అటు తిరిగి టీచర్ పక్కన యంత్రమై నిలబడి ఉందని ఎన్నడూ తోచలేదు. నిజంగానే సిగ్గేసింది.

లోపల్నించి టీచర్ అద్దం దించింది. "ఏమయ్యా, బండి లేకపోతే నన్ను ఆసుపత్రి పక్కనున్న వృద్ధాశ్రమంలో పడేస్తారు. ఆసుపత్రి వాళ్ళు ఆ మాట నాతో ముందే అన్నారు. నేను ఈ వీధిలో పుట్టాను, ఈ వీధిలోనే పోదామనుకున్నాను. ఒకసారి నీ చెవిన వేస్తున్నానంతే."

ట్రాంటర్ ముఖం పాలిపోయింది కానీ మాట మారలేదు. "మిమ్మల్ని ఆసుపత్రి దగ్గర దింపాకే మా యార్డుకి తీసుకెళ్దాం. మిస్టర్ ప్రాబర్ట్, మీరే నడపండి. ఇవి కూడా మీవే కాబోలు." చేతిసంచీ బానెట్ మీద బోర్లించాడు. గేటు మీద పెట్టిన రొట్టె పొట్లాలన్నీ బయటపడ్డాయి. "దర్యాప్తులో ఉన్న మనిషి దగ్గర మేం రొట్టెముక్క కూడా ముట్టకూడదు. అది రూలు."

అతను ముందు సీట్లో కూర్చున్నాడు. గెథిన్ తాళం తిప్పాడు. బండి కిమ్మనలేదు. మళ్ళీ తిప్పాడు. ఉలుకూ పలుకూ లేదు.

"నాటకాలొద్దు" అన్నాడు ట్రాంటర్.

"నాటకం కాదండీ. మీరు పొద్దున ఏమైనా తిన్నారా?"

"తిన్నాను."

"బండి తినలేదంటోంది."

చప్పుడు రాకపోయేసరికి అసుంతా కొట్టులోంచి బయటికొచ్చింది. "ఎవర్రా తిననిది?" అని అడిగి, కొత్తమనిషిని ఎగాదిగా చూసి, "ఓ, ఈయనా" అంది. గెథిన్ డబ్బా తెరిచి రొట్టె అందించాడు.

"లంచం" అన్నాడు ట్రాంటర్, చేతులు వెనక్కి లాక్కుంటూ.

"డయాలసిస్‌కి టైమైపోతోందయ్యా!" టీచర్ గొంతు తరగతి గదిలోలా మోగింది. "నీ రూలు నా రక్తం కడుగుతుందా? తిను!"

ఆ గొంతుకి ఎదురుచెప్పిన వాళ్ళు ఆ ఊళ్ళో లేరు, ఇతనొక లెక్కా? ట్రాంటర్ రొట్టె తుంచి నోట్లో పెట్టుకున్నాడు. నమిలాడు. చాలాసేపు నమిలాడు. మింగబోయి, కళ్ళు పెద్దవి చేసి, రుమాలు అడ్డం పెట్టుకుని అంతా అందులోకి తీసేశాడు. రుమాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"దిగదు" అన్నాడు నెమ్మదిగా. "క్రిస్మస్ నుంచి గట్టిది ఏదీ దిగడం లేదు. ఈమధ్య టీ కూడా దిగనంటోంది."

"డాక్టరుకి చూపించావా?" అంది టీచర్.

"అదే తగ్గుతుందిలే అనుకున్నాను. భయం కూడా వేసింది."

అసుంతా లోపలికెళ్ళి ఒక కప్పు పట్టుకొచ్చింది. ఇంట్లో జబ్బుచేసిన వాళ్ళకి ఆమె కాచే కోడి చారు, వడకట్టి నీళ్ళలా పల్చగా చేసింది. "గుక్క గుక్కకీ ఆగి తాగు నాయనా. తొందరేం లేదు" అంది. తొందరున్న టీచర్ కూడా కాదనలేదు. ట్రాంటర్ చెంచాతో తాగాడు. సగం కప్పు అయ్యేసరికి, ఎవరూ తాళం ముట్టకుండానే, బండి ఒకసారి దగ్గి గురగురలాడింది.

ఆసుపత్రిలో టీచర్ ముందు తన వార్డుకి పోలేదు. అధికారి చెయ్యి పట్టుకుని, బడికి రానని మొండికేసిన పిల్లాణ్ణి లాక్కెళ్ళినట్టు, గొంతు డాక్టరు గది దాకా లాక్కెళ్ళింది. ఆ డాక్టరు కూడా ఒకప్పుడు ఆమె దగ్గర దెబ్బలు తిన్నవాడే. గొంతులో గడ్డ ఉందనీ, ఇంకొక నెల ఆగి ఉంటే తను చెయ్యగలిగేది ఏమీ ఉండేది కాదనీ ఆ వారంలోనే తేల్చాడు.

బండి మాటకొస్తే, ట్రాంటర్ ఆసుపత్రి మంచం మీంచే ఆఫీసుకి ఫోన్ చేశాడు. నిందితుడి కోడి చారు తాగాను కాబట్టి ఈ కేసు నేను చూడకూడదు అన్నాడు. వేరే అధికారిణి వచ్చింది. గెథిన్ ఏదీ దాచకుండా చెప్పాడు. పాత సుంకం వాయిదాల్లో కట్టేట్టూ, ఇకముందు నెలనెలా లెక్క చెప్పేట్టూ ఒప్పించి, బండిని అతని దగ్గరే ఉంచి ఆమె వెళ్ళింది. అసుంతా కౌంటర్ మీద ఊరగాయ జాడీ ఒకటి ఖాళీగా పెట్టింది. దాని మీద ఏమీ రాయలేదు, రాయనక్కర్లేదు. ఎప్పుడో ఒకప్పుడు ఆ బండి ఆగని ఇల్లు ఊళ్ళో లేదు. పెళ్ళి గౌను పిల్ల మొగుణ్ణి వెంటబెట్టుకుని వచ్చి మరీ అందులో డబ్బు వేసింది.

మొదటి వాయిదా కట్టొచ్చిన రోజు గెథిన్ డయాలసిస్ గదిలో టీచర్ పక్కన కూర్చుని, యంత్రంలో రక్తాన్ని తోసే చక్రం మెల్లగా తిరగడం చూస్తూ ఉండిపోయాడు.

"ఏమిట్రా అలా గుడ్లప్పగించి చూస్తున్నావు?"

"ఆ చక్రంలో మన నూనె కూడా ఓ చుక్క ఉంటుంది టీచర్."

"ఉంటే ఇన్నాళ్ళూ కిర్రుమని ఎందుకు చస్తోంది?" అంది ఆమె. అని, సూది లేని చేత్తో అతని చెయ్యి పట్టుకుంది.

ఆ వేసవిలో రూలు మారింది. ఏడాదికి రెండువేల ఐదువందల లీటర్ల లోపు చేసుకునేవాళ్ళు ఇక సుంకం కట్టక్కర్లేదు, ఎంత చేశారో రాసి పెట్టుకుంటే చాలు. గెథిన్ చేసేది అందులో సగమైనా ఉండదు. అందరూ సంతోషించారు గానీ అతనికి మాత్రం ఏదో లాగేసుకున్నట్టనిపించింది. పాత బాకీ మటుకు చివరి వాయిదా దాకా మానకుండా కట్టాడు, కట్టిన ప్రతిసారీ ఈల వేసుకుంటూ వచ్చాడు.

ట్రాంటర్‌కి ఆపరేషన్ చేసి గడ్డ తీశారు. ఉద్యోగం మానేసి ఇంటిపట్టునే ఉన్నాడు. పొద్దున్నే బండి నీలం గేటు ముందు ఆగేది, గెథిన్ ఫ్లాస్కులో అసుంతా చారు తీసుకెళ్ళేవాడు. ట్రాంటర్ గుక్క గుక్కకీ ఆగి తాగుతుంటే టీచర్ బండి కిటికీలోంచి గడియారం చూపించేది.

ఆకులు రాలుతున్న ఒక శుక్రవారం, ఫ్లాస్కు ఒళ్ళో పెట్టుకుని గెథిన్ మలుపు తిరిగాడు. గేటు వచ్చింది. బండి ఆగలేదు. అదే వేగంతో గేటు దాటి ముందుకి పోయింది.

ఆ ఇంట్లో ఆకలి లేదంటే, ఆకలేసే మనిషే లేడేమో. టీచర్ సంచీ గట్టిగా పట్టుకుంది. ఆ బండికి అక్కడ గెథిన్ బ్రేకు వెయ్యడం అదే మొదటిసారి. గేటు తోసుకుని వెళ్ళి తలుపు బాదాడు.

తలుపు తీసిన ట్రాంటర్ గడ్డం మీద గుడ్డు సొన అంటుకుని ఉంది. లోపల్నించి వేయించిన రొట్టె వాసనొస్తోంది.

"ఆగలేదు కదూ?" అన్నాడు బొంగురుగా. "కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. ఆగకుండా వెళ్ళిపోయింది!" అంటూ నవ్వాడు, నవ్వుతూనే ఏడ్చాడు. "రొట్టె దిగింది గెథిన్. రెండు ముక్కలు తిన్నాను."

ట్రాంటర్ లోపలికెళ్ళి, కాగితంలో చుట్టిన పొట్లం ఒకటి తెచ్చి అతని చేతిలో పెట్టాడు. ఇంకా వేడిగా ఉంది.

"డబ్బాలో వేసుకో. తోవలో ఎవరి దగ్గర ఆగుతుందో ఏమో."

"లంచమా?"

"ఇప్పుడు నేను ఏ అధికారినీ కాను" అన్నాడు ట్రాంటర్. "తీసుకో."

రోడ్డు మీద టీచర్ హారన్ మోగించింది, గెథిన్ పరిగెత్తాడు.