అరచెయ్యి పట్టలేని జబ్బు

ఆ వీధిలో ఎవరికి ఒంట్లో నలతగా ఉన్నా, ముందు పెద్దమ్మ అరచేతి కిందికే నుదురు తెచ్చేవారు. జబ్బుంటే ఆ చెయ్యి ఎర్రగా కందిపోయేది, లేకపోతే తెల్లగానే ఉండేది. పైవాడు ఒక్కొక్కరికి ఒక్కో పని అప్పగిస్తాడు, ఆవిడకి అది అప్పగించాడు. ఇందులో వింతేముంది చెప్పండి? బట్టల ఫ్యాక్టరీ సూపర్‌వైజరు కూడా ఆ చెయ్యి చూసే సెలవిచ్చేవాడు.

మురికినీళ్ళు తాగిన రోజుల్లో ఆ చెయ్యి చల్లారిందే లేదు. ఆవిడ కన్న పిల్లల్లో ఇద్దరిని జ్వరాలే ఎత్తుకుపోయాయి. తర్వాత కుళాయిలొచ్చాయి, టీకాలొచ్చాయి. ఫ్యాక్టరీ వచ్చి, బిందెలు మోసే ఆడవాళ్ళని పొద్దస్తమానం కుర్చీల్లో కూర్చోబెట్టింది. కునుకు రాకుండా తియ్యటి కూల్‌డ్రింకులు ఊరికే పోసింది. చెయ్యి ఏళ్ళ తరబడి తెల్లగానే ఉంది. గండం గడిచిందనుకుంది వీధి.

పెద్దమ్మ కోడలు ఆ ఫ్యాక్టరీలోనే మిషను కుట్టేది. ఈమధ్య చిక్కి సగమైంది. ఎన్ని నీళ్ళు తాగినా దాహం తీరదు. చెప్పకుండా మానితే పని ఊడుతుంది.

"ఆస్పత్రికెళ్ళాలి అత్తయ్యా, కాస్త చూడండి."

అత్తగారు నుదుటి మీద చెయ్యేసింది. తెలుపే.

"ఒళ్ళు కాలట్లేదు, నొప్పీ లేదంటావు. పని ఎగ్గొట్టాలనుందేమిటే?"

"మీకంటే మీ చెయ్యే నయం అత్తయ్యా. దానికి నోరైనా లేదు."

ఓ సాయంత్రం కోడలు ఇంట్లో అడుగుపెడితే వెనకాలే నెత్తుటి మరకలు. అరికాల్లో విరిగిన మిషను సూది! దాని మీదే నడిచొచ్చింది, తెలియనే లేదు. అత్తగారు పాదం ఒళ్ళో పెట్టుకుని సూది లాగింది. కోడలు "అబ్బా" అని కూడా అనలేదు. ఆ పాదం పట్టుకున్న అరచెయ్యి మంచులా చల్లబడి, నల్లగా మారిపోయింది.

"భగవంతుడా, ఇన్నాళ్ళూ నుదురే చూశానే!"

తెల్లారగానే కోడల్ని వెంటబెట్టుకుని ఫ్యాక్టరీ గేటు దగ్గరికెళ్ళింది.

"ఎరుపైతేనే సెలవు పెద్దమ్మా," అన్నాడు సూపర్‌వైజరు, బొజ్జ నిమురుకుంటూ. "నలుపు మా రూల్సులో లేదు."

"నువ్వోసారి బూట్లు విప్పు నాయనా."

నవ్వుతూ విప్పాడు. ముసలావిడ వంగి అతని పాదం పట్టుకుంది. కాళ్ళు పట్టుకుని బతిమాలుతోందనుకుని గేటు దగ్గర లైన్లో నిలబడ్డవాళ్ళు బుగ్గలు నొక్కుకున్నారు. నలుపు ఆవిడ మోచేతి దాకా పాకింది.

అతను వెంటనే కోడలికి సెలవిచ్చేశాడు. తర్వాత గొంతు తగ్గించి, "నాకు నొప్పేమీ లేదే పెద్దమ్మా," అన్నాడు.

"మా కోడలికీ లేదు నాయనా."