అక్రోటు అంటు

ఆదివారం పొద్దున అన్నపూర్ణేశ్వరి కాఫీ గ్లాసు పట్టుకుని మేడ మీది పిట్టగోడ దగ్గర నిలబడేసరికి, కింద కనకయ్య కాళ్ళు కనిపించేవి. మిగతా మనిషంతా కారులో ఉండేవాడు. ఎడమ తలుపు తెరిచి, సీటు ముందున్న ఇరుకులోకి తల దూర్చి, డ్యాష్‌బోర్డుకి అడ్డంగా ఉన్న అక్రోటు చెక్క పట్టీని బిగిస్తూ ఉండేవాడు. వారం తిరిగేసరికి ఆ పట్టీ మళ్ళీ వదులైపోయేది. దాని కింద మొలిచిన చిగుళ్ళని బ్లేడుతో కోసి, పాత పేపరు మీద పెట్టి, అప్పుడు స్క్రూలు తిప్పేవాడు. కోసిన చిగుళ్ళని ఇంటావిడ మాణిక్యాంబ గారు పట్టుకెళ్ళి బియ్యం డబ్బాలో వేసుకునేవారు. అక్రోటు ఆకు వాసనకి పురుగు పట్టదట.

అది తొంభై నాలుగో సంవత్సరం. ఢిల్లీ పక్కనున్న ఫరీదాబాద్‌లో వాళ్ళుండే సెక్టారులో ఆ కారుని ఎరగనివాళ్ళు లేరు. అరవై ఒకటిలో ఇంగ్లండులో తయారైన రెండు సీట్ల స్పోర్ట్సు కారు. చాణక్యపురిలో ఒక రాయబార కార్యాలయంలో ఉద్యోగం చేసిన ఒక విదేశీయుడు స్వదేశానికి వెళ్ళిపోతూ, కదలకుండా మూలపడిన బండిని అమ్మేస్తే కనకయ్య కొన్నాడు. ఒకప్పుడు ఎర్రటి ఎరుపట. ఇప్పుడు ఇటుక రంగు.

కనకయ్య బేరింగుల ఫ్యాక్టరీలో ఇన్‌స్పెక్టరు. బేరింగుని వేళ్ళ మధ్య పెట్టుకుని తిప్పి, చెవి దగ్గర పెట్టుకుని విని, పనికొచ్చేదీ రానిదీ తేల్చడం ఆయన ఉద్యోగం. అలాంటి మనిషికి దారి పొడుగునా టకటకలాడే బండి దొరికింది. ఇంజను కుదిర్చాడు. చీకిపోయిన సీట్లకి కొత్త రెక్సిన్ కుట్టించాడు. తలుపులకి లోపలివైపు ఊడి వేలాడే అట్టలు, తల మీదికి జారే కప్పు గుడ్డ, అన్నీ ఆయన చేతిలో దారికొచ్చాయి. ఈ చెక్క పట్టీ ఒక్కటే రాలేదు. డ్రైవరు వైపు బుద్ధిగా పడుండేది. ఎడమ వైపు మాత్రం, సరిగ్గా అన్నపూర్ణేశ్వరి కూర్చునే చోట, చిగురు వేసి పైకి లేచేది.

ఆమెది కడియం. పుట్టింటివాళ్ళకి పూలమొక్కల తోటలు, అంట్ల తోటలు. భర్త పోయాక ఉద్యోగం వెతుక్కుంటూ ఇంత దూరం వచ్చి, ఇక్కడి బడిలో లెక్కలు చెబుతూ మాణిక్యాంబ గారి మేడ మీద గదిలో అద్దెకుంటోంది. వయసు నలభై నాలుగు. కనకయ్య పక్క వాటాలో ఉంటాడు. తమ్ముళ్ళు స్థిరపడాలి, స్థిరపడాలి అంటూ పెళ్ళి మాట పక్కన పెట్టి, నలభై ఎనిమిదిలో పడ్డాడు. బస్సుల సమ్మె జరిగినప్పుడు, బడి ఫ్యాక్టరీ దారిలోనే ఉంది కదా అని ఆమెని కారెక్కించుకున్నాడు. సమ్మె ముగిసింది గానీ ఆమె మళ్ళీ బస్సెక్కలేదు. మొదటి చిగురు వచ్చింది కూడా ఆ సమ్మె రోజుల్లోనే.

దారిలో ఇద్దరూ మాట్లాడుకునేది ఆ పట్టీ చేసే చప్పుడు గురించే.

"ఇయ్యాల ఎక్కువున్నది గదా టీచర్‌గారు?"

"నిన్నటి మీద తక్కువేనండీ. గోతి దగ్గరే గట్టిగా అంది."

"ఆగుండ్రి, మూడో గేరుల ఇనుండ్రి."

"ఆఁ, ఇదిగో, మొదలైంది."

ఒకరిది కరీంనగర్ మాట, ఒకరిది గోదావరి మాట. చప్పుడు మాత్రం ఇద్దరిదీ. బదర్‌పూర్ దగ్గర ట్రాఫిక్ కానిస్టేబులు ఒకసారి బండి ఆపి, లోపలికి తొంగి చూసి, "ఆకులు అద్దానికి అడ్డం రానివ్వకండి భాయ్‌సాబ్" అని చెప్పి పంపేశాడు.

మాణిక్యాంబ గారి భర్త పార్థసారథి గారు కేంద్ర ప్రభుత్వంలో సెక్షన్ ఆఫీసరు. ఆదివారం పేపరు చంకలో పెట్టుకుని కారు దగ్గరికొచ్చి నిలబడడం ఆయనకి సరదా.

"ఏమయ్యా కనకయ్యా, ఆ చెక్కకున్న తెలివి నీకెప్పుడొస్తుంది?"

"ఏంది సార్?"

"ఏం లేదు. బిగించు, బిగించు."

"స్క్రూ పొడుగు సాలతలేదు సార్. ఈసారి అంగుళంది పెడ్త."

"పెట్టు నాయనా, పెట్టు. రెండంగుళాలది పెట్టు."

పిట్టగోడ మీంచి ఇదంతా వింటున్న అన్నపూర్ణేశ్వరికి నవ్వొచ్చేది. బ్లేడు చిగురు మీద పడినప్పుడు మాత్రం పళ్ళు జివ్వుమనేవి. అంట్ల తోటలో పెరిగిన పిల్ల. లేత చిగురుని కోస్తుంటే చూడలేకపోయేది.

ఆ జూలైలో, మొదటి వాన పడిన మర్నాడు, కింద వాటాకి ఆమె అన్నయ్య దగ్గర్నుంచి ఫోనొచ్చింది. తోట పని పెరిగిపోయింది, వదిన మోకాళ్ళు పట్టేశాయి, ఒంటరిగా ఆ ఊళ్ళో ఎందుకు, వచ్చెయ్యమన్నాడు. బడివాళ్ళేమో, ఇంకొకర్ని చూసుకోవాలి గనక నెలాఖరు లోపల ఏదో ఒకటి చెప్పమన్నారు.

"వెళ్తావా?" అన్నారు మాణిక్యాంబ గారు, ఆ ఆదివారం చిక్కుళ్ళు ఒలుస్తూ.

"ఇక్కడ నన్ను ఉండమనేవాళ్ళెవరున్నారు ఆంటీ?"

"నేనున్నాగా."

"మీరు కాదు."

మాణిక్యాంబ గారు కిటికీలోంచి బయటికి చూశారు. కారులోంచి పొడుచుకొచ్చిన రెండు కాళ్ళు కనిపించాయి. గట్టిగా నిట్టూర్చి, మళ్ళీ చిక్కుళ్ళు అందుకున్నారు.

అన్నపూర్ణేశ్వరి కిందికి దిగి కారు దగ్గరికి వెళ్ళింది. కనకయ్య పక్కన, కాగితం మీద, ఒక ఇత్తడి బద్ద ఉంది. కొత్తది. పట్టీ మీద అడ్డంగా వేసి నాలుగు వైపులా బోల్టులు బిగించడానికి ఫ్యాక్టరీలో ఎవరినో బతిమాలి చేయించుకున్నాడు.

"కనకయ్య గారూ, శనివారం నన్ను రిజర్వేషన్ ఆఫీసు దాకా తీసుకెళ్తారా? రాజమండ్రికి టికెట్టు తీసుకోవాలి."

"పోదాం. సెలవులకా?"

"కాదండీ. ఇక అక్కడే ఉండిపోవడానికి."

తిరుగుతున్న స్క్రూడ్రైవరు ఆగింది. కాసేపటికి మళ్ళీ తిరిగింది.

"గట్లనా," అన్నాడు కనకయ్య లోపల్నుంచి. "అయితే శనారం లోపట ఇది బిగించాలె. మీరు కూసున్నప్పుడు ఒక్కసారన్న సప్పుడు లేకుంట తీస్కపోవాలె."

ఆమెకి ఒళ్ళు మండింది. ఆ మంటలోనే జాలి కూడా కలిగింది. ఈ మనిషికి ఇంతకంటే మంచి మాట రాదని ఆమెకి తెలుసు.

"ఇవతలికి రండి. నన్ను చూడనివ్వండి."

కనకయ్య బయటికొచ్చాడు. ఆమె సీట్లో కూర్చుని పట్టీ మీద వేలు పెట్టి రాసింది. అంతవరకు దగ్గరగా చూడలేదు గానీ, పట్టీ అక్కడ విరిగి రెండు ముక్కలుగా ఉంది. రెండు ముక్కల అంచులూ ఉబ్బి, పచ్చగా, తడిగా ఉన్నాయి. ఆ అంచులు అలా ఎందుకు ఉబ్బుతాయో ఆమెకి చిన్నప్పట్నుంచీ తెలుసు.

"ఇది ఊడిపోవడం కాదండీ. అతుక్కోవాలని చూస్తోంది. మీరు వారం వారం విప్పుతున్నారు, చిగురు కోసేస్తున్నారు, మళ్ళీ బిగిస్తున్నారు. పాపం, అదేం చేస్తుంది?"

"మరి?"

"ఖాళీ పాల ప్యాకెట్టు ఉందా మీ ఇంట్లో?"

"పాల ప్యాకెట్టెందుకు?"

"తెండి, చెప్తాను. అంటు కడదాం."

కడిగి ఆరేసిన ప్యాకెట్టు తెచ్చాడు. ఆమె దాన్ని కత్తెరతో వేలెడు వెడల్పు పీలికలుగా కత్తిరించింది. స్క్రూలన్నీ తీసెయ్యమంది.

"స్క్రూ లేకుంట ఎట్ల ఆగుతది?"

"ఆగుతుంది. మీరు రెండు ముక్కల్నీ అలా దగ్గరగా పట్టుకోండి. అంత గట్టిగా కాదు. ఆఁ, అలాగ."

కనకయ్య రెండు చేతులతో పట్టుకున్నాడు. ఆమె పీలికని సాగదీసి, ఒక చుట్టు మీద సగం పడేలా ఇంకో చుట్టు వేస్తూ, విరిగిన చోట కట్టుకుంటూ వెళ్ళింది. ఇద్దరి చేతులూ ఆ ఇరుకులో ఒకదాని కింద ఒకటి దూరుతున్నాయి. చివర ముడి వేసి, ఆమె చేతులు దులుపుకుంది.

"ఎప్పుడు విప్పాలె?"

"చిగురు ఆకై, ఆకు ముదిరాక."

"బుధారం ఒకసారి విప్పి చూస్త."

"చూడకూడదు."

"ఒక్క చుట్టు."

"ఒక్క చుట్టు కూడా వద్దు. కట్టు విప్పి చూసే కూలీని మా నాన్నగారు అంట్ల వరసలోకే రానిచ్చేవారు కాదు."

"పొద్దుందాక చూసేదే నా పని టీచర్‌గారు. చూడకుంట పాస్ చేసుడు నాకు చేతగాదు."

"అదే మీ జబ్బు," అంది అన్నపూర్ణేశ్వరి, మేడ మెట్లెక్కుతూ.

ఆ వారమంతా సిగ్నలు పడిన చోటల్లా కనకయ్య చెయ్యి గేరు మీంచి జారి కట్టు వైపు వెళ్ళేది. ఆమె గొడుగు పిడితో ఒకటి తగిలించేది. చెయ్యి వెనక్కెళ్ళేది. గురువారానికి కట్టు కింది నుంచి ఒక కొత్త మొలక బయటికొచ్చింది. ఆయన బ్లేడు కోసం జేబు తడుముకున్నాడు.

"తియ్యండి చూద్దాం," అంది. ఆయన తియ్యలేదు.

శనివారం సగం పూట బడి. మధ్యాహ్నం దాటాక ఇద్దరూ ఢిల్లీ వైపు బయల్దేరారు. సెక్టారు మలుపులో గొయ్యి వచ్చింది. కారు దిగి ఎక్కింది. ఏమీ వినపడలేదు. హైవే ఎక్కి, మూడో గేరు పడింది. అప్పుడూ ఏమీ లేదు. ఇంజను హోరు, ముందు పోతున్న లారీ హారను తప్ప కారులో వేరే చప్పుడు లేదు. విరిగిన పట్టీ ఒకే చెక్కగా నిలబడి ఉంది. నెల పట్టే పని, ఆరు రోజుల్లో అయింది.

ఇన్నాళ్ళూ మాట్లాడుకున్నదంతా ఆ చప్పుడు గురించే. అది పోయేసరికి మాట్లాడుకోవడానికి ఇంకేమీ మిగల్లేదు. ఇక మిగిలిందల్లా ఎన్నడూ మాట్లాడనిదే. బదర్‌పూర్ దాటింది. సరితా విహార్ దాటింది. అన్నపూర్ణేశ్వరి ఒళ్ళో సంచీని గట్టిగా పట్టుకుని కూర్చుంది. ఇంకాసేపట్లో కౌంటరు, టికెట్టు, తర్వాత రైలు. ఈ మనిషి ఇలాగే రోడ్డు చూసుకుంటూ తనని స్టేషన్లో దించేస్తాడు. సామాను కూడా జాగ్రత్తగా పెట్టిస్తాడు.

"టీచర్‌గారు."

"ఊఁ."

"సప్పుడు లేదు."

"లేదండీ."

ఇంకో రెండు బస్సులు దాటాక కనకయ్య అన్నాడు: "మీరు పోతే నేను విప్పుత."

"ఏంటీ, బెదిరిస్తున్నారా?"

"కాదు. నా సంగతి నాకెరికే. మీరు పక్కకు లేకుంటే సోమారం పొద్దుగాల్నే కట్టు విప్పుత. అది సచ్చిపోతది."

"అయితే బండి తాళాలు మాణిక్యాంబ ఆంటీకి ఇచ్చెయ్యండి."

"మరి ఫ్యాక్టరీకెట్ల పోవాలె?"

"బస్సులో."

"బస్సుల ఎవరున్నరు?"

అనేశాక ఆయన చెవులు ఎర్రబడ్డాయి. ఆశ్రమ్ చౌక్ దగ్గర రెడ్ లైటు పడింది. కారు ఆగింది. చెయ్యి ఈసారి కట్టు వైపు వెళ్ళలేదు. గేరు మీదే ఉండిపోయింది.

"ఉండిపోండ్రి," అన్నాడు, ఎదుటి బస్సు నంబరు చదువుతున్నట్టుగా. "అంటు కోసమని చెప్తున్న గాని, అంటు కోసం కాదు."

అన్నపూర్ణేశ్వరి పట్టీ వైపు చూసింది. కట్టు పక్కనున్న మొలక అప్పుడే విచ్చుకుంటోంది. ముడుచుకున్న ఆకు ఒకటి, తర్వాత దాని జత, మడత విప్పుకుని ఆమె వైపు తిరిగాయి. మూడు దాటిన ఎండ పడమటి నుంచి ఆమె కిటికీలోకి ఏటవాలుగా పడుతోంది. ఆకులు ఆ ఎండలో పల్చగా, నరాలు కనిపిస్తూ వణుకుతున్నాయి.

"ఇటు వైపు ఎండ పడుతోందండీ," అంది. "లేత అంటుకి ఇంత ఎండ పనికిరాదు. బండి వెనక్కి తిప్పండి."

"మరి టికెట్టు?"

"ముందు ఎండ సంగతి చూడండి, కనకయ్య గారూ."

పచ్చ లైటు పడింది. వెనక ఆటోవాడు హారను మోగిస్తూ తిడుతున్నాడు. కనకయ్య ఆ చౌక్‌లో కారుని నిదానంగా పూర్తిగా తిప్పాడు. ఎండ ఆమె కిటికీ వదిలి, అద్దం మీదుగా జరిగి, ఆయన వైపుకి వచ్చి కూర్చుంది. ఫరీదాబాద్ చేరేదాకా ఆయన కుడి చెయ్యి చురుక్కుమంటూనే ఉంది. కనకయ్య మడిచిన చొక్కా చెయ్యి కూడా కిందికి దించుకోలేదు.